తెల్లాకు

తెల్లారి నాలుగింటికి డ్యూటీ దిగి
కొండ మీంచి మొదటి బస్సులో వస్తా.
వేళ్ల సందుల్లో ఇంకా తడి వెంట్రుకలు.
ఎవురివో. ఏ ఊరివో.
చెప్పులు విప్పకముందే
గాజుపెట్టె దగ్గరికి పోతా.

సన్నిధి వీధిలో మూతబడిన గాజులంగడి పెట్టె అది.
రెండొందల యాభైకి బేరమాడి
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చినా.
లోపల రెండు చోట్ల
డజను ధర రాసిన చీటీలు ఇంకా అట్లే ఉండాయి.
వాటి కింద ఇప్పుడు
ఏ అడివివో, నోరు తిరగని పేర్ల ఆకులు
చెమట పట్టి నిలబడుండాయి.

మా అత్త చెంగమ్మ వంగి చూసి
"చేమాకు గదమ్మే ఇది!
మురిక్కాలవ గట్టున మోపులు మోపులుగా ఉంటే
దీనికి అద్దాల మేడ ఒకటా?" అంటాది.
నిజమే. చేమకు చుట్టమే.

చీటీ పాడిన డబ్బు పెట్టి
వేలెడు కాడ కొన్నా, ఒకే ఒక కణుపు.
కొచ్చిన్ నించి కొరియర్లో వచ్చింది
తడి దూదిలో చుట్టుకుని, పురిటి బిడ్డ మాదిరి.
ఇంట్లో ఎవురికీ ధర చెప్పలా.
ఇప్పటికీ చెప్పలా.

ఎండాకాలం మా తిరుపతిలో
పగలు ఎండ కొడతాది, రాత్రి కొండ కొడతాది,
తాగిన వేడంతా తెల్లవార్లూ కక్కుతా.
బోరు నీళ్లు పోస్తే ఆకు అంచు మాడిపోతాది.
ఉప్పు.
అందుకే వెనక లాడ్జీలో
ఏసీ గొట్టం కింద క్యాను పెట్టొస్తా.
రూంబాయ్ నాదముని గేటు తీస్తాడు.
మొక్కు తీర్చుకుని నిద్రపోయే వాళ్ల గదుల్లో
గాలి పిండిన నీళ్లు.
నా మొక్కకి అవే.

మొదటి ఆకు సగం ఆకుపచ్చ, సగం తెలుపు.
సున్నం పూసినట్టు గాదు,
పాలు ఒలికితే ఎవురూ తుడవనట్టు.
రెండోది ఇంకా తెలుపు.
మూడోది
పచ్చ చుక్క ఒక్కటి లేకుండా విచ్చుకుంది.

వీధి వీధంతా వచ్చి చూసింది.
బెంగళూరాయన ఫోన్లో ఫోటో చూసి
పన్నెండు వేలన్నాడు, కాసేపటికి పద్నాలుగు.
చెంగమ్మ మొదటిసారి
పెట్టె ముందర కుర్చీ వేసుకుని కూచునింది.

నాకు తెలుసు.
తెల్లాకు ఎండ తినలేదు.
కింద మిగిలిన ఆ సగం పచ్చే
దానికి వండి పెడతా ఉండాది.
కాడ అప్పుడే మెత్తబడింది.

రోజుకి ఎన్ని తలలో నా చేతి కింద.
జబ్బు తగ్గిన పిల్లోడు, పరీక్ష పాసైన పిల్ల,
ఎందుకొచ్చిందో చెప్పకుండా
కళ్లు మూసుకున్న పెద్దామె.
నేనెప్పుడూ అడగలా.
తల వంచుతారు, నీళ్లు పోస్తా, బ్లేడు పెడతా.
ఇన్నేండ్లలో చెయ్యి ఒక్కసారి వణకలా.

ఆ రాత్రి వణికింది.

కొత్త బ్లేడు సగానికి విరిచి, మంట మీద కాల్చి
తెల్లాకుకి కింద,
పచ్చ గీత ఉన్న కణుపుకి పైన
అడ్డంగా కోసినా.
చప్పుడే లేదు.
రసం వేలికంటి రాత్రంతా దురద.
చేమ చుట్టరికం.

పద్నాలుగు వేలని పళ్లెంలో నీళ్లు పోసి
అందులో తేలేసినా.
నాలుగు రోజులుండింది. అయిదో రోజు
కాఫీ మరక రంగుకొచ్చింది.
చెంగమ్మ నాతో మాట్లాడడం మానేసింది,
కూర మాత్రం ఎప్పుడూ వేసేంతే వేసింది.

ఇప్పటికి ఆరు వారాలు.
కోసిన చోట గట్టిపడిన మచ్చ, అంతే.
పక్కన కణుపు కొంచెం ఉబ్బినట్టుండాది.
ఉబ్బిందో, నా కళ్లో.
టార్చి వేసి చూస్తా ఉంటే
వెనక నించి చెంగమ్మ,
"గుండు కొట్టించినాక
ఏ రంగు మొలుస్తాదని ముందే అడుగుతామా ఏంది?"

అని, క్యాను తీసుకుని
లాడ్జీ పక్కకి నడిచింది.